ఇంటి వంట – ఇంటి కంప్యూటరు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో చదువుల గురించి, వైద్యం గురించి, ఆడపిల్లల పెళ్లిళ్ల గురించి మాట్లాడుకోవటం అలవాటే. ఈసారి కార్యవర్గం వారు నాకు అప్పగించిన అంశం వింటే కొందరికి నవ్వు రావచ్చు. ఇంట్లో ఉన్న కంప్యూటరు మీద వంటకార్డులు తయారు చేసి అచ్చు వేసుకోవటం ఎట్లా అన్నది ఆ అంశం. వంటకు కంప్యూటరు ఎందుకండీ, పొయ్యి ఉంటే చాలదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుచేత ఎట్లా అన్న మాటకు ముందు, ఎందుకు అన్న మాటకు జవాబు చెప్పుకుందాం.

ఎందుకు?

మన కంగ్టి, నారాయణఖేడ్ దిక్కు మూడు రాష్ట్రాలు కలిసే చోటు. 1956 దాకా నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. ఆ ఏడు రాష్ట్రాల పునర్విభజనలో బీదర్ జిల్లా మూడు ముక్కలై, మనం మెదక్ జిల్లాలో చేరాము. 2016లో సంగారెడ్డి జిల్లా అయ్యాము. సరిహద్దులు మారినా మన వంటిల్లు మారలేదు. జొన్నరొట్టె పక్కన ఖట్టీ దాల్, పుంటికూర వేసిన అంబాడా గోష్త్, పెళ్లిళ్లలో బగారా ఖానా, దాల్చా, పండగనాడు షీర్ ఖుర్మా. తెలుగు, కన్నడ, మరాఠీ, దక్కనీ నాలుగు భాషల పేర్లూ మన మసాలా డబ్బాలోనే ఉన్నాయి.

ఈ వంటలన్నీ ఎక్కడ రాసి ఉన్నాయి? చాలా ఇళ్లల్లో ఎక్కడా లేవు. నానీమా చేతిలో ఉన్నాయి, దాదీమా నోట్లో ఉన్నాయి. కొన్ని ఇళ్లల్లో పాత నోటుపుస్తకం ఒకటి ఉంటుంది, అది ఉర్దూ లిపిలో ఉంటుంది. నిజాం కాలంలో, అంటే 1948 దాకా, హైదరాబాదు సంస్థానంలో అధికార భాష ఉర్దూ. ఆనాడు చదువుకున్నవారు ఉర్దూలోనే రాసుకున్నారు, వారి పిల్లలూ కొందరు అదే నేర్చారు. ఈనాటి మనుమలు, మనుమరాళ్లు చాలామంది తెలుగు మీడియంలోనో, ఇంగ్లీషు మీడియంలోనో చదువుతున్నారు. ఇంట్లో దక్కనీ చక్కగా మాట్లాడతారు గాని, నానీమా రాత చదవలేరు. పుస్తకం ఇంట్లోనే ఉంటుంది, చదివేవారుండరు. కొన్నేళ్లకు అది పాత కాగితాల వాడి తూకంలోకి పోతుంది.

రాజుల వంటలకు ఈ గతి పట్టలేదు. మనకు దగ్గర్లోనే, నేటి బీదర్ జిల్లాలోని బసవకల్యాణ్ ఒకప్పుడు కల్యాణి చాళుక్యుల రాజధాని. అక్కడ ఏలిన మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో మానసోల్లాసం అనే సంస్కృత గ్రంథం రాయించాడు. అందులో భోజనాల మీద ఒక భాగం ఉన్నది, మాంసం వంటలు కూడా ఉన్నాయి. మాళవ దేశంలో మాండూ సుల్తాను ఘియాస్ షా కోసం 15వ శతాబ్దం చివర్లో నిమత్‌నామా అనే పుస్తకం ఫారసీలో, రంగుల బొమ్మలతో తయారయింది. ఇప్పుడది లండనులో బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నది. ఐదు వందల ఏళ్ల కిందటి సుల్తాను ఏం తిన్నాడో మనకు తెలుస్తుంది గాని, మన ఇంటి నానీమా పోయిన పదేళ్లకు ఆమె దాల్చా ఎట్లా చేసేదో మనకు తెలియకుండా పోతుంది. రాయించటానికి రాజుకు లేఖరులు ఉన్నారు, నానీమాకు లేరు. ఈనాడు మనుమరాలే లేఖరి, మన ఇంటి కంప్యూటరే అచ్చుయంత్రం. ఎందుకు అన్నదానికి నా జవాబు ఇదే.

రాత ఉంటే లోకంలో గుర్తింపు కూడా వస్తుంది. హైదరాబాదు హలీముకు 2010లో భౌగోళిక గుర్తింపు దొరికింది. అది ఏమేమి వేసి, ఏ విధంగా చేస్తారో కాగితం మీద పెడితేనే ఆ గుర్తింపు ఇస్తారు. నోటి మాటకు ఇయ్యరు.

వంటకు కంప్యూటరు అన్న ఆలోచన కొత్తది కాదు

1969లో అమెరికాలో నీమన్ మార్కస్ అనే పెద్ద దుకాణం వారు తమ పండగ కేటలాగులో హనీవెల్ కంపెనీ వంటింటి కంప్యూటరు అని ఒకటి ప్రకటించారు. ధర 10,600 డాలర్లు. ఇల్లాలు వంటకాలను అందులో దాచుకోవచ్చు అన్నారు. కాని దానికి మనం చూసే తెర లేదు, మీటలు, దీపాలు మాత్రమే ఉన్నాయి. ఆ దీపాల భాష నేర్చుకోవటానికి రెండు వారాల శిక్షణ పొందాలి. ఒక్కటి కూడా అమ్ముడుపోయినట్టు ఆధారం లేదు. ఆ తరువాత పదేళ్లకు ఇళ్లల్లోకి చిన్న కంప్యూటర్లు వచ్చినప్పుడు కూడా, ఇంట్లో దీనితో ఏం పని అని అడిగితే, అమ్మేవారు చెప్పిన జవాబుల్లో వంటకాలు దాచుకోవటం ఒకటి.

ఆ మొదటి యంత్రం ఎందుకు పనికిరాలేదో ఆలోచించండి. వంట చేసే మనిషి యంత్రం భాష నేర్చుకోవాలని అది కోరింది. మనం దానికి తలకిందులుగా పోవాలి. వంట చేసే చెయ్యి తడిగా ఉంటుంది, కన్ను పొయ్యి మీద ఉంటుంది, పక్కన పిల్లవాడు ఏడుస్తుంటాడు. ఆ సమయంలో ఒక్క చూపులో కనిపించాలి. దానికి కాగితం కార్డే మంచిది. కంప్యూటరు పని ఆ కార్డును శుభ్రంగా తయారు చేయటం, తప్పు ఉంటే దిద్దటం, ఎన్ని కావాలంటే అన్ని తీయటం. అంతవరకే.

ముందు అందాజ్‌ను తూచాలి

ఇప్పుడు పనిలోకి వద్దాం. కంప్యూటరు తెరవటానికి ముందే సగం పని ఉన్నది. అదే కష్టమైన సగం.

మన పెద్దవాళ్లను ఉప్పు ఎంత అని అడిగితే "అందాజ్‌సే" అంటారు. వారు దాస్తున్నారని అనుకోవద్దు. వారి చేతికి తెలుసు, నోటికి తెలియదు. అందుకని అడగటం మాని, తూచండి. వంటింటి చిన్న కాటా ఒకటి సంపాదించండి. దాని మీద ఖాళీ పళ్లెం పెట్టి సున్నా చేయండి. అమ్మ గిన్నెలో వేయబోయే ఉప్పును, కారాన్ని, అల్లం ఎల్లిపాయ ముద్దను ముందు పళ్లెంలో వేయమనండి. గ్రాములు రాసుకొని తిరిగి ఇవ్వండి. నూనె సీసాను వంటకు ముందు తూచి, వంట తరువాత తూచండి. తేడా ఎంతో అంత నూనె పడింది. ఆమె చేతిని ఆపవద్దు, మధ్యలో ప్రశ్నలు వేయవద్దు. ఒకే వంటను మూడుసార్లు ఇట్లా తూస్తే మూడు లెక్కలు వస్తాయి. మధ్య లెక్క కార్డు మీద వేయండి.

పాత నోటుపుస్తకం ఉన్నవారికి ఇంకొక జాగ్రత్త. అందులో సేరు, పావుసేరు, ఛటాక్, తులం అని ఉంటాయి. తులం అంటే 11.66 గ్రాములు. 80 తులాల తూకం సేరు సుమారు 933 గ్రాములు. సేరులో 16వ వంతు ఛటాక్, అంటే సుమారు 58 గ్రాములు. మన దేశంలో కిలోల చట్టం 1956లో వచ్చింది, తూకాల్లో అమలు 1958 అక్టోబరు నుంచి మొదలయింది. కాబట్టి పుస్తకంలో 5 సేర్ల గోష్త్ అని ఉంటే 5 కిలోలు అనుకోకండి. అది 4 కిలోల 665 గ్రాములు. గోష్త్ 5 కిలోలు వేసి మసాలా మాత్రం తులాల లెక్కన వేస్తే చప్పగా ఉంటుంది, అప్పుడు నానీమా లెక్క తప్పు అంటాము. పైగా తూకం సేరు వేరు, ధాన్యం కొలిచే సేరు వేరు, ఊరూరికీ కొంత తేడా ఉండేది. ఏ సేరో ఇంట్లో పెద్దవారిని అడిగి రాయండి.

ఇక సమయం. ఎంతసేపు అంటే పెద్దవాళ్లు నిమిషాలు చెప్పరు. "పచ్చి వాసన పోయేదాకా", "నూనె పైకి తేలేదాకా" అంటారు. ఈ మాటలను కొట్టివేసి 10 నిమిషాలు అని రాస్తే నష్టపోతాము. కట్టెల పొయ్యి మంట వేరు, గ్యాసు మంట వేరు, మందపాటి దేగ్చా వేరు, పలుచని గిన్నె వేరు. నిమిషాలు గడియారాన్ని నమ్మే కొత్తవారికి, గుర్తు మంటను చూసేవారికి. కార్డు మీద రెండూ ఉండాలి.

ఏ లిపిలో, ఏ మాటల్లో?

వంట పేర్లు దక్కనీలో ఉంటాయి, చదివేవారు తెలుగు చదువుతారు. కనుక దక్కనీ మాటనే తెలుగు లిపిలో, మన నోట పలికినట్టే రాయండి. పుస్తకాల ఉర్దూలో కీమా, కోర్మా అన్నా, హైదరాబాదు దక్కనీలో మనం ఖీమా, ఖోర్మా అంటాము. అట్లాగే రాయండి. ఒక్క గుణింతం దగ్గర మాత్రం కన్ను పెట్టండి. ఖుర్మా అంటే ఖర్జూరం, ఖోర్మా అంటే గోష్త్ కూర. షీర్ ఖుర్మాను షీర్ ఖోర్మా అని అచ్చు వేస్తే పండగ పూట పాలల్లో గోష్త్ వేసినట్టుంటుంది!

సరుకుల పేర్లు మాత్రం ఇంట్లో అనే పేరుతో పాటు బజారులో అడిగే పేరు కూడా రాయండి. అంబాడా (పుంటికూర), ఇమ్లీ (చింతపండు), తువర్ కీ దాల్ (కందిపప్పు). రేపు ఈ ఇంటి కోడలు వేరే దిక్కు నుంచి రావచ్చు, ఈ ఇంటి కొడుకు గల్ఫులో నలుగురు తెలుగు మిత్రులతో కలిసి వండుకోవచ్చు. ఆ నలుగురికీ కార్డు అర్థం కావాలి.

కార్డు తల మీద వంట పేరును ఉర్దూ లిపిలో కూడా వేస్తే మరీ మంచిది. నానీమా తన కార్డును తాను గుర్తు పట్టగలదు. పూర్వం ఉర్దూను అచ్చు వేయాలంటే కాతిబ్ చేత్తో రాయవలసి వచ్చేది. నస్తలీఖ్ రాత అచ్చు అక్షరాలకు లొంగేది కాదు. 1981లో నూరీ నస్తలీఖ్ వచ్చిన తరువాత ఆ రాత కంప్యూటరులోకి వచ్చింది. ఇప్పుడు నోటో నస్తలీఖ్ వంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి.

తెలుగు టైపు విషయంలో ఒకటి గట్టిగా చెబుతాను. యూనికోడ్‌లోనే టైపు చేయండి. పాత డి.టి.పి. ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు ముక్కలను కూర్చినవి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే మీ ఖట్టీ దాల్ అంతా గజిబిజి అక్షరాలవుతుంది. యూనికోడ్‌లో 1991 నుంచీ తెలుగుకు తన స్థానం తనకున్నది. గౌతమి, మండలి, నోటో సాన్స్ తెలుగు వంటి ఏ యూనికోడ్ ఫాంటుతో రాసినా ఇంకొక యంత్రంలో, ఫోనులో చదవవచ్చు. టైపు రానివారు దిగులు పడనక్కరలేదు. ఫోనులో తెలుగులో మాట్లాడితే అదే రాసే సదుపాయం ఉన్నది. అమ్మ చెబుతుంటే ఫోను రాస్తుంది, పిల్లలు తప్పులు దిద్దుతారు, ఆ రాతను కంప్యూటరులోకి పంపుకుంటారు.

కార్డు కొలత, కూర్పు

మన దుకాణాల్లో దొరికే ఎ4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవు. దాన్ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మడిస్తే నాలుగు సమాన భాగాలు. ఒక్కొక్కటి ఇంచుమించు 105 బై 148. పోస్టుకార్డు కంటే కొంచెం పెద్దది. దీన్నే ఎ6 అంటారు. కాగితం ఏమీ వృథా కాదు. అందుచేత మన వంటకార్డుకు ఇదే కొలత పెట్టుకుందాం.

కంప్యూటరులో వర్డ్ గాని, ఉచితంగా దొరికే లిబ్రె ఆఫీసు గాని తెరవండి. కాగితం ఎ4, చుట్టూ మార్జిన్లు సున్నాకు దగ్గరగా పెట్టి, రెండు వరుసలు, రెండు నిలువు గళ్లు ఉన్న పట్టిక వేయండి. ఒక్కొక్క గడి 105 బై 148. గడి లోపల నాలుగు వైపులా 8 మిల్లీమీటర్ల ఖాళీ వదలండి. ప్రింటరు కాగితం అంచు దాకా అచ్చు వేయలేదు, కత్తిరించేటప్పుడు చెయ్యి కొంచెం అటూ ఇటూ పోతుంది, ఆ రెంటికీ ఈ ఖాళీ రక్ష. పట్టిక రెండో పేజీలోకి జారితే గడి ఎత్తును ఒకటి రెండు మిల్లీమీటర్లు తగ్గించండి.

అక్షరం సైజు 12 పాయింట్లకు తగ్గించవద్దు. తెలుగుకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి గదా. ఇంగ్లీషుకు పెట్టిన పంక్తి దూరం పెడితే పై పంక్తి వత్తు కింది పంక్తి గుడికి తగులుతుంది. పంక్తికీ పంక్తికీ మధ్య 18 పాయింట్లు ఉంచండి. ఈ లెక్కన ఒక కార్డులో సుమారు 20 పంక్తులు పడతాయి. ఈ 20 పంక్తుల్లో వంట అంతా ఇమడాలి. పేరుకు ఒకటి, ఎంతమందికి అన్నదానికి ఒకటి, సరుకులకు 7 లేక 8, విధానానికి 9 లేక 10, కిందన ఎవరి ఇంటి వంట, ఎప్పుడు రాసింది అన్నదానికి ఒకటి. ఇమడకపోతే అక్షరం చిన్నది చేయకండి, మాటలు తగ్గించండి. దాల్చా, బిర్యానీ వంటి పెద్ద పనులకు రెండు కార్డులు చేయండి. వెనక వైపు అచ్చు వేయవద్దు. పిండి చేతులతో కార్డు తిప్పేవారెవరు?

సరుకులను గిన్నెలో పడే వరుసలో రాయండి. ముందు పడేది ముందు, బగారు సామాను చివర. ఒక్కొక్క అడుగుకు ఒక అంకె, ఒక అంకెకు ఒకటి రెండు చిన్న వాక్యాలు.

నమూనాగా అందరికీ తెలిసిన ఖట్టీ దాల్ తీసుకుందాం. ఎవరి ఇంటి కొలత వారిదే. ఇది కూర్పు చూపించటానికి మాత్రమే.

ఖట్టీ దాల్
5 మందికి. గ్లాసు అంటే 200 మి.లీ., చెంచా అంటే 5 మి.లీ.
కందిపప్పు 200 గ్రా., పసుపు పావు చెంచా, కారం 1 చెంచా, అల్లం ఎల్లిపాయ ముద్ద 1 చెంచా
చింతపండు 25 గ్రా., టమాటలు 2, పచ్చిమిర్చి 4, ఉప్పు ఒకటిన్నర చెంచా, కొత్మీర్ గుప్పెడు
బగారుకు: నూనె 8 చెంచాలు, ఎల్లిపాయ 6 రెబ్బలు, ఎండుమిర్చి 4, జీలకర్ర 1 చెంచా, కర్యాపాక్ 2 రెమ్మలు
1. పప్పు కడిగి అరగంట నానబెట్టాలి. చింతపండు 1 గ్లాసు వేడి నీళ్లలో నానబెట్టాలి.
2. పప్పులో 3 గ్లాసుల నీళ్లు, పసుపు, కారం, ముద్ద వేసి, పప్పు వేళ్ల మధ్య నలిగేదాకా ఉడికించాలి. మెత్తగా మెదపాలి.
3. చింతపులుసు, టమాటలు, పచ్చిమిర్చి, ఉప్పు, ఇంకా 2 గ్లాసుల నీళ్లు పోయాలి. 10 నిమిషాలు, పచ్చి పులుపు వాసన పోయేదాకా మరగాలి.
4. నూనె కాగాక ఎల్లిపాయ ఎర్రబడనిచ్చి, మిర్చి, జీలకర్ర, కర్యాపాక్ వేసి, దాల్ మీద పోసి వెంటనే మూత పెట్టాలి. కొత్మీర్ చల్లాలి.

చూడండి, పులుపు మూడో అడుగులో ఉన్నది. ముందే పోస్తే పప్పు తొందరగా మెత్తబడదు. పెద్దవాళ్లు కారణం చెప్పరు గాని వరుస తప్పరు. వరుస రాసిపెడితే కారణం మనం నేర్చుకోవచ్చు.

అచ్చు, కాగితం, సిరా

ముందు మామూలు కాగితం మీద ఒక్కటే తీయండి. ప్రింటు పెట్టెలో "కాగితానికి సరిపెట్టు" అన్నదాన్ని తీసివేసి, 100 శాతం, అసలు కొలత అన్నది ఎంచుకోండి. లేకపోతే కార్డు కొంచెం కుంచించుకొని, గీతలు మడతల మీద పడవు. ఆ కాగితాన్ని చేత పట్టుకొని ఎవరైనా ఒకరు, ముఖ్యంగా ఆ వంట రానివారు, దాని ప్రకారం వండాలి. వారికి ఎక్కడ అనుమానం వచ్చిందో అక్కడ దిద్దాలి. ఆ తరువాతే మంచి కాగితం మీద అచ్చు.

మామూలు కాగితం 70 లేక 80 జి.ఎస్.ఎం. ఉంటుంది. కార్డుకు 200 చాలు. అంతకంటే మందం పెడితే చాలా ఇంటి ప్రింటర్లు మింగలేవు. ప్రింటరు పుస్తకంలో ఎంత మందం దాకా అని రాసి ఉంటుంది, చూసుకోండి. వెనక నుంచి తిన్నగా కాగితం పోయే ప్రింటరు మందం కాగితానికి మంచిది.

సిరా సంగతి వంటింటికి ముఖ్యం. ఇంక్‌జెట్ ప్రింటర్లలో రెండు రకాల సిరాలుంటాయి. డై సిరా నీటి బొట్టు పడితే పారుతుంది, పిగ్మెంట్ సిరా నిలుస్తుంది. చాలా ప్రింటర్లలో నలుపు పిగ్మెంట్, రంగులు డై. కాబట్టి రాత నల్లగానే ఉండనీయండి, ఎరుపు, నీలం సోకులు వద్దు. లేజర్ ప్రింటరులో పొడి వేడికి కాగితానికి అంటుకుంటుంది, నీళ్లకు చెదరదు.

ఇంట్లో ప్రింటరు లేనివారు నారాయణఖేడ్‌లో జిరాక్సు దుకాణానికి పోతే సరి. కాని ఫైలును పి.డి.ఎఫ్. చేసి తీసుకుపోండి. ఫాంటు దానిలోనే కూర్చుంటుంది, అక్షరాలు చెదరవు. వాట్సాప్‌లో పంపేటప్పుడు కూడా ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపండి. ఫోటోగా పంపితే నాణ్యత తగ్గి, వత్తులు మసకబారతాయి.

నూనె మరకల నుంచి కాపాడటానికి లామినేషన్ చేయించండి. కార్డును ముందు కత్తిరించి, ఆ తరువాత లామినేట్ చేసి, చుట్టూ 3 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ అంచు వదలాలి. లామినేషన్ తరువాత కార్డు అంచు మీదుగా కోస్తే తేమ లోపలికి పోతుంది. ఖర్చు వద్దనుకుంటే ఇంకొక దారి. ఫోటోల చిన్న ఆల్బములు మన ఇళ్లల్లో ఎన్నో ఉన్నాయి. 4 బై 6 అంగుళాల జేబుల్లో కార్డు పడుతుంది. ఆ జేబు వెడల్పు సుమారు 102 మిల్లీమీటర్లే కాబట్టి, కార్డును 100కు కత్తిరించండి. 8 మిల్లీమీటర్ల ఖాళీ వదిలాము గనుక రాతకు ఏమీ కాదు. మరక పడితే తుడవవచ్చు, కార్డు మారితే తీసి కొత్తది పెట్టవచ్చు.

కొన్ని అభ్యంతరాలు

ఇవన్నీ యూట్యూబులో ఉన్నాయి గదా అని పిల్లలంటారు. ఉన్నాయి, మంచివే. కాని అక్కడ ఉన్నది హైదరాబాదీ ఖట్టీ దాల్. మీ ఇంట్లో జొన్నరొట్టెకు అంటుకునేంత చిక్కగా చేసే ఖట్టీ దాల్ అక్కడ లేదు. అది మీరు పెడితేనే ఉంటుంది.

చేతి రుచి కాగితానికి వస్తుందా అని పెద్దవారంటారు. రాదు, ఒప్పుకుంటాను. కార్డు పట్టుకొని మొదటిసారి వండిన పిల్లకు నానీమా రుచి రాదు. కాని మొదలు పెట్టటానికి ఒక చోటు దొరుకుతుంది. పదిసార్లు వండాక ఆమె చేతికి ఆమె అందాజ్ వస్తుంది. చేత్తో చూపేవారు పోయాక ఆ మొదలు కూడా లేకపోతే పిల్ల ఎక్కడ నుంచి మొదలు పెడుతుంది?

మూడో అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. మనలో కొందరు వంట మీదనే బతుకుతున్నారు. పెళ్లిళ్లకు దేగులు దించే బావర్చీలున్నారు, ఇంట్లో లుఖ్మీలు, మీఠాలు చేసి అమ్మి పిల్లలను చదివించుకునే తల్లులున్నారు. వారి కొలత వారి ఆస్తి. వారు ఇష్టపడి ఇస్తే తీసుకోవాలి, ఇవ్వకపోతే బలవంతం చేయరాదు. బంధువే గదా అని చూసివచ్చి అచ్చు వేయటం సరికాదు. ఇచ్చినవారి పేరు కార్డు మీద ఉండాలి. పేరు అచ్చులో వద్దు అనుకునే తల్లులుంటే, ఏం రాయాలో వారినే అడగండి. "ఫలానా ఊరి పెద్దమ్మ" అంటే అదే రాయండి. ఎవరి పేరూ లేకుండా మాత్రం వద్దు. రోజూ మూడు పూటలు వండి పెట్టినవారి పేరు ఏ కాగితం మీదా లేకుండా పోవటం ఇప్పటికే చాలా ఏళ్లుగా జరిగింది.

మనం చేయవలసింది

ముగించేముందు సంఘ సభ్యులకు మూడు మనవులు.

ఒకటి. ప్రతి ఇంటి నుంచి ఒక్క కార్డు. వచ్చే వార్షిక సమావేశానికి తెండి. గొప్ప వంట కానక్కరలేదు. బిర్యానీలు అందరూ తెస్తారు. జ్వరం వచ్చినవారికి చేసే కిచిడీ, బాలింతకు పెట్టే హరీరా, ఎండాకాలం చేసుకునే చట్నీ, ఇవే ముందు పోయేవి. ఇంట్లో అందరికంటే పెద్దవారు ఎవరో వారి దగ్గర నుంచి మొదలు పెట్టండి. వారికి తీరిక ఉన్నది, మన దగ్గరే కాలం తక్కువగా ఉన్నది.

రెండు. కంప్యూటరు తెలిసిన పిల్లలు, అబ్బాయిలు గాని అమ్మాయిలు గాని, తమ వాడలో నాలుగైదు ఇళ్ల కార్డులు టైపు చేసే బాధ్యత తీసుకోవాలి. అబ్బాయిలను ముందు చెబుతున్నాను, ఎందుకంటే రేపు హైదరాబాదులో గది తీసుకొని వండుకొని తినేది వారే. తూచే పని, టైపు చేసే పని, వండి చూసే పని మూడూ నేర్చుకుంటే వారికే లాభం.

మూడు. ఒక ఫైలు ఒక్క చోటే ఉంచవద్దు. కంప్యూటరు పాడవుతుంది, పెన్‌డ్రైవు పోతుంది, ఫోను నీళ్లలో పడుతుంది. ఒక ప్రతి కంప్యూటరులో, ఒక ప్రతి పెన్‌డ్రైవులో, ఒక ప్రతి ఈమెయిలులో ఉంచండి. అన్నిటికంటే ముఖ్యంగా అచ్చు వేసిన కార్డు ప్రతులు నాలుగు. ఎ4 కాగితంలో ఎట్లాగూ నాలుగు వస్తాయి. ఒకటి ఇంట్లో, ఒకటి అత్తవారింటికి పోయిన ఆడపిల్లకు, ఒకటి దూరదేశంలో ఉన్న కొడుకుకు, ఒకటి సంఘం కార్యాలయంలో. కొలత మారితే దిద్దండి, కింద కొత్త తేదీ వేయండి, పాత కార్డు కూడా పారవేయకండి. దిద్దిన కొద్దీ మంచి కార్డు తయారవుతుంది.

ఈ పనికి పెద్ద ఖర్చు లేదు, పెద్ద చదువు అక్కరలేదు. ఒక కాటా, ఒక ఎ4 కాగితం, పెద్దవారి పక్కన కూర్చునే ఓపిక ఉంటే చాలు.